విశాఖలో పాత రేసు సైకిల్ కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే బీచ్ రోడ్డులో తొక్కుతుంటే నా సైకిల్ చూసి ఆపి అడిగేవాళ్ళు చాలామంది. ఎక్కడ దొరికింది, ఎంతయింది, నాకూ ఒకటి చూసిపెడతారా అని. రోడ్డు పక్కన నిలబడి చెప్పగలిగేది కొంతే. అందుకని మళ్ళీ మళ్ళీ విన్న ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాను. పాత స్టీలు సైకిళ్ళు కొని, విప్పి, బాగుచేసుకుని తొక్కే మనిషిని.

పాత రేసు సైకిల్ అని దేన్ని అంటారు?

సన్నటి స్టీలు గొట్టాలు, అవి కలిసేచోట ఇత్తడితో అతికిన తొడుగులు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగిన హ్యాండిల్, సన్న టైర్లు. గేర్లుంటే వాటిని మార్చే చిన్న మీటలు హ్యాండిల్ మీద ఉండవు, కిందివైపు గొట్టం మీద ఉంటాయి. 1990లో షిమానో కంపెనీ గేరు మీటను బ్రేకు మీటలోనే కలిపేసింది. ఆ తర్వాత రేసు సైకిళ్ళు మెల్లగా అల్యూమినియంకీ, కార్బన్‌కీ మళ్ళాయి. అందుకే 1990ల మొదటి సంవత్సరాల వరకూ వచ్చిన స్టీలు సైకిళ్ళనే నేను ఈ లెక్కలోకి తీసుకుంటాను.

కడ్డీ బ్రేకులున్న నల్ల సైకిల్, పాలవాళ్ళూ పోస్టుమాన్లూ తొక్కినది, అదీ పాతదే. దానికీ ప్రేమించేవాళ్ళున్నారు. కానీ దాని కొలతలు వేరు, దాని సంగతి ఇక్కడ రాయడం లేదు.

విశాఖలో ఎక్కడ దొరుకుతాయి?

షోరూముల్లో దొరకవు. వన్‌టౌన్ వైపు పాత ఇళ్ళలో మెట్ల కింద, కంచరపాలెం, మర్రిపాలెం, గోపాలపట్నం లాంటి చోట్ల చాలా ఏళ్ళుగా నడుస్తున్న సైకిల్ షాపుల వెనక గదుల్లో, పాత ఇనుప సామాన్ల కొట్లలో. నా అనుభవంలో అన్నిటికన్నా మంచి దారి సైకిల్ షాపు పెద్దాయన. బ్రేకు రబ్బర్లో, ట్యూబో కొనడానికి నాలుగుసార్లు వెళ్ళి మాట కలపండి. ఐదోసారి ఆయనే, "బాబూ, మా వీధిలో ఒకాయన దగ్గర గేర్ల సైకిల్ పడుంది, చూస్తావా?" అంటారు. నాకు దొరికిన మంచి సైకిళ్ళు రెండూ అలా వచ్చినవే.

ఆన్‌లైన్‌లో కనపడితే ఫొటో చూసి డబ్బు పంపకండి. కింద రాసినవేవీ ఫొటోలో తేలవు.

"ఓడలో ఇంగ్లండ్ నుంచి వచ్చింది" అంటున్నారు. నమ్మొచ్చా?

ఇది ఓడరేవు ఊరు. షిప్‌యార్డు, నేవీ, రిఫైనరీ ఉన్న ఊరు. అలా వచ్చినవి ఉండవని ఎవరూ అనలేరు. కానీ కథకు డబ్బు కట్టకూడదు. చేతికి తగిలే గుర్తులకు కట్టాలి.

ముందు పేరు చూసి మోసపోవద్దు. బీఎస్‌ఏ, హెర్క్యులిస్, ఫిలిప్స్ అన్నీ ఇంగ్లండులో పుట్టిన పేర్లే. అయితే 1949లో మొదలైన టీఐ సైకిల్స్ మద్రాసు దగ్గర అంబత్తూరులో పెట్టిన ఫ్యాక్టరీలో ఈ పేర్లతోనే మన సైకిళ్ళు తయారయ్యాయి. ర్యాలీ పేరుతో బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ కంపెనీ తయారుచేసింది. కాబట్టి బీఎస్‌ఏ గుర్తయిన, మూడు తుపాకులు ఆనించి నిలబెట్టిన బొమ్మ కనపడినంత మాత్రాన సైకిల్ బర్మింగ్‌హామ్‌ది అయిపోదు. కొంగ తల ఉన్న ర్యాలీ బిళ్ళ కనపడితే అది నాటింగ్‌హామ్‌దే అనీ కాదు. ఆ బిళ్ళ మీద ఊరి పేరు ఏముందో చదవండి. రెండు రివెట్లు ఊడదీస్తే బిళ్ళ ఒక సైకిల్ నుంచి ఇంకోదానికి మారిపోతుంది, అదీ గుర్తుంచుకోండి.

మన దేశంలో తయారైందని తేలితే చిన్నబుచ్చుకోవద్దు. నేను రోజూ తొక్కేది అంబత్తూరు బండే. దాని విడిభాగాలు ఇప్పటికీ మన షాపుల్లో దొరుకుతాయి.

ఏ సంవత్సరానిదో ఎలా కనిపెట్టాలి?

ఫ్రేమ్ నంబరుతో మొదలుపెడదామని అందరూ అంటారు. నంబరు సాధారణంగా పెడల్ ఇరుసు ఉండే గుండ్రటి గూడు అడుగున, లేదా సీటు గొట్టం పైభాగంలో, లేదా వెనక చక్రం ఇరుసు కూర్చునే చోట కొట్టి ఉంటుంది. రాసుకోండి, అవసరం పడుతుంది. కానీ ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో నంబర్లు వేసుకుంది, చాలావాటిని చదివి సంవత్సరం చెప్పే పట్టిక లేదు. దానికన్నా విడిభాగాల మీది ముద్రలు తొందరగా దారి చూపిస్తాయి.

వెనక హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ ఉండే భాగం) స్టర్మీ-ఆర్చర్ కంపెనీ మూడు గేర్లదైతే పని సులువు. హబ్బు చుట్టూ ఉన్న మట్టి, గ్రీజు తుడిచి చూస్తే కంపెనీ పేరు పక్కన ఏడబ్ల్యూ అనో ఇంకో మోడల్ గుర్తో, దానితోపాటు అంకెలూ ఉంటాయి. 68 అని ఉంటే 1968. చాలావాటిలో నెల కూడా కొట్టి ఉంటుంది.

షిమానో భాగాల వెనకవైపు రెండు ఇంగ్లీషు అక్షరాలు చిన్నగా కొట్టి ఉంటాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. ఎ అంటే 1976, బి అంటే 1977, అలా వరసగా. నెలలకు ఎ నుంచి ఎల్ వరకు. అంటే జె, సి అని ఉంటే 1985 మార్చి. ఒక చుట్టు అయిపోయాక 2002 నుంచి మళ్ళీ ఎ తోనే మొదలైంది, కాబట్టి భాగం రూపం కూడా చూసి తేల్చుకోవాలి.

ఇటలీకి చెందిన కంపాగ్నోలో కంపెనీ భాగం దొరికితే అదృష్టమే. 1970ల్లోనూ 1980ల మొదట్లోనూ వచ్చిన నువో రికార్డ్ అనే వెనక డిరైలర్ (గేరు మార్చినప్పుడు చైనును జరిపే భాగం) మీద పేటెంట్ అన్న మాట పక్కన రెండంకెలుంటాయి, అదే సంవత్సరం.

ఒక్క ముద్ర చూసి తీర్పు చెప్పకండి. నలభై ఏళ్ళు తిరిగిన సైకిల్‌కి చక్రం మారి ఉంటుంది, డిరైలర్ మారి ఉంటుంది. మూడు నాలుగు భాగాలు ఒకే సంవత్సరం దగ్గరికి వస్తే అది ఫ్రేమ్ వయసు. ఒకటి 1974, ఇంకోటి 1988 అంటుంటే, పాతదాని దగ్గరే ఫ్రేమ్ ఉండే అవకాశం ఎక్కువ.

గొట్టాలు మంచి రకమో కాదో తెలుసుకోవడం ఎలా?

రెనాల్డ్స్ 531 అనే స్టిక్కరుంటే అది బర్మింగ్‌హామ్ రెనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన మేలిరకం స్టీలు. కొలంబస్ అని ఉంటే ఇటలీది, టాంగే, ఇషివాటా జపాన్‌వి. ఇవి చివర్లలో మందంగా, మధ్యలో పలచగా తీసిన గొట్టాలు కావచ్చు. బరువు తక్కువ, రోడ్డు అదురు చేతికి తక్కువ తెలుస్తుంది.

స్టిక్కరు అచ్చు వేయించడం ఎంతసేపు? అందుకే సీటు కింది కడ్డీ బయటికి లాగి దాని లావు చూడండి. దాని మీదే అంకె కొట్టి ఉంటుంది, లేకపోతే వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. 27.2 మిల్లీమీటర్లు ఉంటే సీటు గొట్టం గోడ పలచన, అంటే మంచి రకం. 25.4 దగ్గర ఉంటే గోడ మందం, మామూలు గొట్టం. తర్వాత వెనక చక్రం ఇరుసు కూర్చునే ముక్క చూడండి. రేకు కోసి ఒత్తినట్టు పలచగా ఉంటే చవకరకం, కొలిమిలో సాగగొట్టినట్టు మందంగా, అంచులు గుండ్రంగా ఉంటే ఖరీదైన పని. ఈ రెండు గుర్తులకీ అబద్ధం చెప్పడం చేతకాదు.

తుప్పు గురించి అంత భయపడాలా?

మిగతా ఊళ్ళవాళ్ళకు ఇది పది విషయాల్లో ఒకటి. విశాఖలో ఇదే మొదటిది. ఉప్పుగాలి పెయింటు మీద చేసేది కంటికి కనపడుతుంది, గొట్టం లోపల చేసేది కనపడదు. సీటు కడ్డీ సందులోంచి దిగిన వాన నీరు నేరుగా పెడల్ గూట్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. వెనక చక్రానికి వెళ్ళే రెండు సన్న గొట్టాలు ముందు పోయేది అందుకే.

నేను నేర్చుకున్నది డబ్బు పోగొట్టుకునే. కొత్తగా ఎర్ర రంగు వేసిన సైకిల్ ఒకటి కొన్నాను, అద్దంలా మెరుస్తోంది. అమ్మినాయన ఒకే చేతి మీద నడిచిందని చెప్పాడు. రెండో నెలలో ఋషికొండ దాటి దిగుతుంటే వెనక టైరు ఫ్రేముకి రాసుకుంటున్న చప్పుడు మొదలైంది. ఆగి చూస్తే కుడి గొట్టం పెడల్ గూటి దగ్గర విరిగింది. విరిగిన చోట స్టీలు అట్టముక్కంత పలచగా ఉంది, దాని మీద వేలి మందాన పుట్టీ. ఎదురుగా లారీ లేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. సీటు కడ్డీ తీయించి ఫోన్ లైటు లోపలికి కొడతాను. తర్వాత సైకిల్ తలకిందులు చేసి గొట్టాన్ని అరచేత్తో తడతాను. కొంచెం ఎర్రపొడి రాలితే ఫరవాలేదు. పెచ్చులుగా రాలితే దణ్ణం పెట్టి వచ్చేస్తాను. జేబులో చిన్న అయస్కాంతం ఉంటుంది, దాన్ని గొట్టాల వెంట జరుపుతాను. స్టీలుకు గట్టిగా పట్టుకున్నది ఒకచోట పట్టు వదులైతే అక్కడ పెయింటు కింద పుట్టీ ఉందన్నమాట. చివరగా వెనక గొట్టాల అడుగుభాగం బొటనవేలితో గట్టిగా నొక్కుతూ వెళ్తాను.

ఇంకొక ప్రశ్న తప్పకుండా అడుగుతాను: 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు సైకిల్ ఎక్కడుంది? అప్పుడు పైకప్పు లేచిపోయిన షెడ్లలో, నీళ్ళు నిలిచిన సెల్లార్లలో వారాల తరబడి ఉండిపోయిన బళ్ళు చాలా ఉన్నాయి. ఇంట్లో, గోడకి వేలాడదీసి ఉందంటే నా మనసు కాస్త కుదుటపడుతుంది.

సీటు కడ్డీ కదలడం లేదు. అది పెద్ద సమస్యా?

పెద్దదే. అల్యూమినియం కడ్డీ స్టీలు గొట్టంలో ఏళ్ళ తరబడి ఉప్పుగాలికి ఉంటే రెండూ ఒకదాన్నొకటి తిని అతుక్కుపోతాయి. హ్యాండిల్ కడ్డీదీ ఇదే జబ్బు. బేరం మొదలుపెట్టకముందే రెండూ వదులుచేసి తిప్పి చూపించమనండి. తుప్పు వదిలించే నూనె పోసి, రెండు మూడు రోజులు నానబెట్టి, ఓపిగ్గా తిప్పితే కొన్ని వస్తాయి. కొన్ని కోసి తీయాల్సిందే. ఆటోనగర్‌లో చేయి తిరిగిన లేత్‌వాళ్ళున్నారు, చేస్తారు. ఆ కూలి మీ ఖర్చులో కలిపి బేరమాడండి.

యాక్సిడెంటైన ఫ్రేమ్‌ను ఎలా పట్టుకోవాలి?

హ్యాండిల్ గొట్టం వెనక, పై గొట్టం కిందా, పెడల్ గూటికి దిగే వాలు గొట్టం కిందా చూపుడువేలు పెట్టి మెల్లగా నిమరండి. చిన్న ముడతలా, ఉబ్బులా తగిలితే బండి ముందునుంచి దేన్నో గుద్దింది. పెయింటు అక్కడ జుట్టంత చీలి ఉండొచ్చు. పక్కనుంచి చూసినప్పుడు ఫోర్కు వెనక్కి జరిగినట్టు కనపడినా ఇదే కారణం.

వంకర చూడటానికి పురికొస చాలు. ఒక కొస వెనక ఇరుసు ఎడమ గూటికి కట్టి, దారాన్ని ముందుకు తీసుకెళ్ళి హ్యాండిల్ గొట్టం చుట్టి, వెనక కుడి గూటికి బిగించండి. ఇప్పుడు రెండువైపులా దారానికీ సీటు గొట్టానికీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. సమానంగా ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకి నేను పట్టించుకోను. అంతకు మించితే బండి ఒకవైపు లాగుతుంది.

టైర్లు దొరుకుతాయా?

దొరికే కొలతా కాదా అన్నది ముందే చూసుకోవాలి. టైరు పక్కన అచ్చేసిన చివరి మూడంకెలే అసలు కొలత. 635 ఉంటే మన మామూలు 28 అంగుళాల నల్ల సైకిల్‌ది, ఏ వీధిలోనైనా దొరుకుతుంది. 590 ఉంటే 26 అంగుళాల సన్నరకం. 622 ఉంటే 700సీ, ఇప్పటి రేసు, హైబ్రిడ్ సైకిళ్ళు దాదాపు అన్నిటిదీ అదే కాబట్టి దిగులు లేదు. 630 ఉంటే పాత 27 అంగుళాలది, దీనికి వెతుక్కోవాలి.

27 అంగుళాల చక్రాలకు బదులు 700సీ చక్రాలు వేయొచ్చు. రిమ్ము అంచు 4 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తుంది, బ్రేకు రబ్బరు అంత కిందికి దిగగలదో లేదో చూసుకోండి. రిమ్ముకి అంచు కొక్కెమే లేకుండా నున్నగా, జిగురు మరకలతో ఉంటే అది ట్యూబునీ టైరునీ కలిపి కుట్టి అతికించే రేసు రకం. అందంగా ఉంటుంది. పంచరైతే మన ఊళ్ళో ముట్టుకునేవాళ్ళు దొరకడం కష్టం.

మర కొలతలు అని భయపెడుతున్నారు. ఏమిటవి?

పెడల్ ఇరుసు కప్పులు ఫ్రేములోకి మరతో ఎక్కుతాయి. ఇంగ్లీషు పద్ధతిలో కుడివైపు కప్పుకి ఎదురు మర, అంటే కుడికి తిప్పితే ఊడుతుంది. మన దేశపు సైకిళ్ళలో ఎక్కువ ఈ దారివే. ఇటలీ, ఫ్రాన్సు పద్ధతుల్లో రెండువైపులా మామూలు మరే, లావులు వేరు. ఫ్రెంచి పాత బండి దొరికితే, కప్పులు బాగుంటేనే కొనండి. అరిగిపోతే ఇక్కడ వెతికి దొరికించుకోవడం బ్రహ్మప్రళయం.

క్రాంకు (పెడల్ తగిలించే చేయి) దగ్గర ఇరుసుకి అడ్డంగా ఒక పిన్ను, దానికి నట్టు ఉంటే అది కాటర్ పిన్ను రకం. ఏ షాపులోనైనా మారుస్తారు. నేరుగా సుత్తితో కొట్టనివ్వకండి, కింద ఇనుప గొట్టం ఆనించి కొట్టమనండి, లేకపోతే దెబ్బంతా లోపలి గోళీల మీద పడుతుంది.

పాత గేర్లతో మన ఎత్తులు ఎక్కగలనా?

ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు పోయేదానికి అయిదు గేర్లు చాలు. కైలాసగిరి ఘాట్, సింహాచలం కొండ వేరే మాట. అప్పటి రేసు బళ్ళకు ముందు 52, 42 పళ్ళ చక్రాలుండేవి, వెనక పెద్ద పళ్ళచక్రం 23, 24 దగ్గర ఆగిపోయేది. కుర్రాళ్ళ మోకాళ్ళకే అది బరువు. వెనక ఫ్రీవీలు (పళ్ళచక్రాల గుత్తి) మర ఇంగ్లీషు కొలతదైతే ఇప్పుడు దొరికే 14 నుంచి 28 పళ్ళ ఫ్రీవీలు ఎక్కుతుంది. డిరైలర్ దాన్ని మోయగలదా అని మాత్రం మెకానిక్‌ని చూడమనండి.

వెనక చక్రం ఇరుసు కూర్చునే రెండు ముక్కల మధ్య సందు కూడా కొలుచుకోండి. అయిదు గేర్లకు 120 మిల్లీమీటర్లు, ఆరు ఏడు గేర్లకు 126, ఎనిమిది నుంచి 130. స్టీలు కాబట్టి తెలిసినవాళ్ళు కొంచెం వెడల్పు చేయగలరు. అల్యూమినియం ఫ్రేముతో ఆ ప్రయోగం వద్దు.

వానలో బ్రేకులు పనిచేస్తాయా?

మెరిసే స్టీలు రిమ్ములుంటే, తడిస్తే దాదాపు పనిచేయవు. ఇది బతిమాలి చెబుతున్నాను. కైలాసగిరి దిగేటప్పుడు చినుకు మొదలైతే దిగి నడిపించుకుని రండి. అయస్కాంతం రిమ్ముకి అంటుకుంటే స్టీలు, అంటుకోకపోతే అల్యూమినియం. స్టీలైతే మిగతా ఖర్చులన్నిటికన్నా ముందు అల్యూమినియం రిమ్ములు, కొత్త బ్రేకు తీగలు, కొత్త రబ్బర్లు వేయించండి.

నాకు సరిపోయే సైజు ఏది?

చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని, నేల నుంచి కాళ్ళ సందు దాకా కొలవండి. దాన్ని 0.65తో గుణిస్తే సీటు గొట్టం పొడుగు సుమారుగా వస్తుంది. 80 సెంటీమీటర్లుంటే 52. ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఫరవాలేదు. పై గొట్టం మీద నిలబడితే కొద్దిగానైనా ఖాళీ ఉండాలి. నచ్చిన సైకిల్ పెద్దదైతే సీటు దించి సర్దుకుందామనుకోకండి, నడుంనొప్పి మొదలయ్యాక ఆ బండి మళ్ళీ మెట్ల కిందికే పోతుంది.

ఎంత ఇవ్వొచ్చు?

అంకె చెప్పను, ఎందుకంటే ఒకే రకం సైకిల్‌ను తుక్కు ధరకీ, దానికి పదింతలకీ అమ్మడం చూశాను. లెక్క వేసే పద్ధతి చెబుతాను. రెండు టైర్లు, రెండు ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, తీగలు, హ్యాండిల్ టేపు, గోళీలు, గ్రీజు, మెకానిక్ కూలి. ఇవి ఏ పాత సైకిల్‌కైనా పడతాయి. ముందు ఆ మొత్తం కాగితం మీద వేసుకోండి. బాగుపడిన సైకిల్‌కి మీరు మనస్ఫూర్తిగా ఇవ్వగలిగిన ధరలోంచి అది తీసేస్తే మిగిలేదే మీ బేరం. ఫ్రేమ్ గట్టిగా ఉండి, సైజు కుదిరి, ముద్రలన్నీ ఒకే మాట చెబితే కొంచెం ఎక్కువ పెట్టండి. కొత్త పెయింటుకు మాత్రం ఒక్క రూపాయీ ఎక్కువ ఇవ్వకండి. అసలు రంగు వెలిసి, గీతలు పడి, తుప్పు ఎక్కడుందో కనపడేలా ఉన్న బండే నాకు నమ్మకం.

కాగితాలేమైనా కావాలా?

సైకిల్‌కి ఆర్‌సీ ఉండదు. అందుకే ఒక తెల్లకాగితం మీద తేదీ, ఫ్రేమ్ నంబరు, ధర, అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు రాయించి సంతకం తీసుకోండి. ఫ్రేమ్ నంబరును ఆకురాయితో అరగదీసి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. అది ఎవరో ఒకరు పోగొట్టుకుని ఇంకా వెతుక్కుంటున్న సైకిల్ అయివుండొచ్చు.

కొన్నాక బీచ్ దగ్గర ఎలా కాపాడుకోవాలి?

సముద్రం పక్కన తొక్కి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. పైపు పెట్టి జోరుగా కొడితే నీళ్ళు గోళీల్లోకి పోతాయి. సీటు కడ్డీకీ, హ్యాండిల్ కడ్డీకీ గ్రీజు రాసి, వానాకాలం ముందోసారి, తర్వాతోసారి బయటికి తీసి మళ్ళీ రాయండి. ఫ్రేమ్ పూర్తిగా విప్పిన రోజున గొట్టాల్లో అవిసె నూనె పోసి, అన్నివైపులా తిప్పి, మిగిలింది ఒంపేసి రెండు రోజులు ఆరనిస్తే లోపల పొరలా గట్టిపడుతుంది. పెడల్ గూటి అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రం ఉంటే మట్టితో మూసుకుపోకుండా చూడండి. లేకపోతే ఆటోనగర్‌లో ఎవరిచేతనైనా చిన్నది వేయించండి, ఫ్రేమ్ నంబరు మీద పడకుండా.